మంచినీళ్ళ దుప్పటి

అడుగు వేడి 84. గాలి దక్షిణం, మెత్తగా ఉంది.

మా ఉప్పు సంఘం నన్ను రాయమన్నది పై లైను ఒక్కటే. పొద్దున్నే వేడిమడి అడుగున వేడి ఎన్ని డిగ్రీలు, గాలి ఎటునుంచి, అంతే. చేతికి పుస్తకం ఇచ్చి ఒక్క లైను రాసి ఊరుకోమంటే నావల్ల అయ్యే పనేనా? నాంచారికి నోరు పెద్దదని తెల్లకొఠారు ఊరంతా అంటారు. రాత కూడా అంతే అనుకోండి. తొందరున్నవాళ్ళు పై లైను చూసుకుని వెళ్ళిపోవచ్చు.

ఈ పూట పని మామూలే. మడి మీద అలలు లేవకుండా వెదురు చట్రాలు సరిచేశాను. గొట్టంలోంచి అడుక్కి ఉప్పు వదిలాను. పైన కాస్త మంచినీళ్ళు పరిచాను. కొంగలు దిగితే అదిలించాను. ఈ మడిని కదపకూడదు. కొంగ కాలు పెట్టి కెలికినా నాకు ఒళ్ళు మండుతుంది.

మధ్యాహ్నం కరెంటు నియంత్రణ మండలి నుంచి ఇన్‌స్పెక్టరు పడవ దిగింది. పేరు ఇందుప్రియ. రేవు నుంచి వచ్చే రోడ్డు సముద్రం కిందికి పోయిన సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదట. బూట్లు చేత్తో పట్టుకుని బురదలో నడుచుకుంటూ వచ్చింది. గట్టు మీద నిలబడి అటూ ఇటూ చూసింది.

"ఇదేనా మీ పవర్ ప్లాంటు? చెరువులా ఉందే!"

"చెరువే అనుకోండమ్మా."

"ఈత కొట్టొచ్చా?"

"పైన చల్లగానే ఉంటది. కాళ్ళు కిందికి జారినయ్యంటే ఉడికిపోతయ్."

వేలు ముంచబోయినదల్లా ఆగిపోయింది. అప్పుడు విడమర్చి చెప్పాను. అడుగున చిక్కటి ఉప్పునీళ్ళు. పైన పలచగా మంచినీళ్ళు. ఎండ అడుగుదాకా దిగుతుంది, కానీ చిక్కటి నీళ్ళు బరువు కనక వేడెక్కినా పైకి లేవలేవు. పైనున్న మంచినీళ్ళే దుప్పటి. ఆ అడుగు వేడితో పగలూ రాత్రీ ఇంజను తిరుగుతుంది. ఆ కరెంటుతోనే యంత్రం సముద్రపు నీళ్ళను తాగే నీళ్ళుగా మారుస్తుంది. ఈ ఊళ్ళో బావి లేదు, బోరు లేదు. తాగే ప్రతి చుక్కా ఆ యంత్రంలోంచి రావాల్సిందే.

"చట్టంలో దీనికి పేరే లేదు," అంది ఇందుప్రియ.

"అందుకేగా ఇంకా మా దగ్గరుంది!" అన్నాను.

ఆమెకు నవ్వొచ్చింది, ఆపుకుంది. ఈ తీరమంతా ఇళ్ళ కప్పుల మీద పడే ఎండను ఏకజ్యోతి కంపెనీ ఎప్పుడో కొనేసింది. గాలిని కూడా కొంది. మీ ఇంటి మీద మీరు చిన్న సోలార్ పలక పెట్టుకున్నా డేగలాంటి డ్రోను వచ్చి ఫోటో తీసుకుపోతుంది. ఉప్పునీళ్ళ సంగతి మాత్రం వాళ్ళ లాయర్లకు తట్టలేదు. తట్టాక, మా కరెంటు ఆగకుండా నిలుస్తుందా అని ఈ పరీక్ష పుట్టించారు.

కరెంటు లైను మొదట్లో ఆమె ఒక పెట్టె బిగించి సీలు వేసింది. దాని మీద ఆకుపచ్చ దీపం. "ఇవాళ్టితో కలిపి ఆరు రోజుల పాటు ఇది ఆరకూడదు. ఒక్కసారి ఆరినా మీ లైను ఏకజ్యోతి కిందికి పోతుంది. తెలుసుగా?"

తెలుసు. ఏకజ్యోతి కింద ఉన్న రోజులు మాకు ఇంకా బాగా తెలుసు. మా ఉప్పు కొనేదీ వాళ్ళే, ఆ ధర కోసం మేం గొడవ చేసిన వేసవిలో 'మరమ్మతు' అని చెప్పి కరెంటు తీసేశారు. నీళ్ళ యంత్రం ఆగింది. తర్వాత వాళ్ళే నీళ్ళు తెచ్చి, ఇక గొడవ చెయ్యబోమని సంతకం పెట్టినవాళ్ళకే పోశారు. మా అత్త పెట్టలేదు. కాలవలో నీళ్ళు కాచుకుని తాగింది. ఆ వేసవి దాటలేదు. ఆ తర్వాతే మా మామ మస్తానయ్య మొదటి పార పట్టుకుని ఈ మడి తవ్వడం మొదలుపెట్టాడు.

అడుగు వేడి 83. గాలి ఈశాన్యం. మబ్బు.

ఈ రోజు జరిగింది రాయాలంటే చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

కాలంకాని వాన పడింది. ఉప్పు చేసే ఊళ్ళో వాన చినుకు పడితే ఎవరూ ఎవర్నీ పిలవరు. అన్నం తినేవాళ్ళు కంచం వదిలేసి పరిగెడతారు. వాననీళ్ళు తేలిక, ఉప్పునీళ్ళ మీద తేలుతాయి. అవి కలిసిపోకముందే గట్టు పై అంచున ఉన్న మడవ తీసేస్తే పై నీళ్ళు జారిపోతాయి, కింద ఉప్పు దక్కుతుంది. మా తాతల నాటి నుంచీ మా చేతులకు తెలిసిన పని ఇదొక్కటే. నేనూ పరిగెత్తాను. మా వరసలో మడవలన్నీ నేనూ రోశమ్మక్కా తీశాం. రోశమ్మక్క సంఘం అధ్యక్షురాలు, అయినా చీర ఎగ్గట్టి బురదలో నాకంటే ముందుంది.

మామ సముద్రం వైపు వరస పట్టాడు. ఆ వయసులో ఆ పరుగేమిటో! ఒక మడవ, దాని పక్కన ఇంకోటి, ఇంకోటి. వరస చివర వేడిమడి. ఎక్కువైన నీళ్ళు పోవడానికి దానికీ ఒక మడవ పెట్టుకున్నాం. చెయ్యి వేగంలో దాన్నీ తీసేశాడు. పూర్తిగా, అడుగు పలకదాకా.

వాన వెలిసి నేను వచ్చేసరికి వేడిమడి ఆవిరి కక్కుతోంది. ఉడికే ఎసరు మీద మూత తీసినట్టుంది. దుప్పటంతా కాలవలోకి పోయింది. వాన పైగా ఇంకాస్త మంచినీళ్ళు తెచ్చి కప్పబోతే, దాన్ని కూడా వదిలేశాం. మామ మడవ దగ్గరే కూర్చుని ఉన్నాడు. మడవకు అడ్డం పెట్టే పలక చేతిలోనే ఉంది.

"అమ్మాయ్, ఇది వేడిమడేనా?" అన్నాడు.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. ఆయన మీద ఉంది, వాన మీద ఉంది, ఆ మడవ అక్కడ పెట్టిన వాళ్ళందరి మీదా ఉంది. ఆయన చేతిలోంచి పలక లాక్కుని మడవ మూశాను. అక్కడే నాలుగు తిట్టి ఉంటే బాగుండేదేమో.

అడుగు వేడి 76. గాలి లేదు. మడి మీద ఆవిరి.

అరవై కంటే దిగితే ఇంజను తిరగదు. ఈ లెక్క ఊళ్ళో అందరికీ తెలుసు కనక పొద్దున్నే గట్టు మీద జనం చేరారు. అందరూ నా చేతిలో వేడి చూసే తీగ వైపే చూస్తున్నారు.

మంచినీళ్ళు మళ్ళీ పరిస్తే వేడి నిలుస్తుంది. కాలవ నీళ్ళు తోడదామా అంటే వానకు బురద కలిసి టీ రంగులో ఉన్నాయి. ఆ నీళ్ళు పోస్తే ఎండ అడుక్కి దిగదు. తేటనీళ్ళే కావాలి. తేటనీళ్ళంటే ఊళ్ళో తాగే నీళ్ళు తప్ప వేరే లేవు.

అంతలో ఏకజ్యోతి పడవ వచ్చింది. వెనక తాడు కట్టి ఒక తేలే ట్యాంకు లాక్కొచ్చారు. దానికి ఇటు పక్క నాలుగు, అటు పక్క నాలుగు కుళాయిలు. దిగినవాడి పేరు శశాంక్. కంపెనీలో ప్రాంతాధికారి. చొక్కా మీద ఒక్క మడత లేదు. మాట మాత్రం తేనె.

"మీ కష్టం విన్నాం. నిబంధనల్లో దారుంది," అన్నాడు. "ఎవరైనా కావాలని ప్లాంటు పాడుచేస్తే పరీక్ష రద్దు చేసుకోవచ్చు. మస్తానయ్యగారు కావాలని చేశారని సంఘం రాసిస్తే చాలు. మరమ్మతు అయ్యేదాకా కరెంటూ నీళ్ళూ మేమే ఇస్తాం. ఈ ట్యాంకు ఇప్పుడే తెరుస్తాం."

మరమ్మతు అన్న మాట వినగానే జనంలో కదలిక వచ్చింది. ఆ మాటకు అర్థం మాకు నిఘంటువు చూసి తెలుసుకునే అవసరం లేదు.

మామ లేచి నిలబడ్డాడు. "రాసెయ్యండి. నా పేరు రాసెయ్యండి. ముసలోణ్ణి, జైల్లో అన్నా నీళ్ళిస్తారుగా. మీరు బతకండి."

నాకు ఆపుకోవడం చేతకాలేదు. "నీ ఒక్కడి పేరే రాయాలా మామా? నిన్న వాన్లో మడవ తీయని చెయ్యి ఈ ఊళ్ళో యాడుందో చూపించు! నేను తీశా. రోశమ్మక్క తీసింది. వరస చివర్న నువ్వున్నావ్ గాబట్టి నువ్వు, నేనుంటే నేను! కావాలని చేశాడంట, కావాలని! ఈ మడి తవ్విన చేతులివి!"

శశాంక్ ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు. "మేడం, మీరైనా చెప్పండి."

"నా పని దీపం చూడటం," అంది ఇందుప్రియ. "దీపం వెలుగుతోంది."

రోశమ్మక్క ఆ కాగితం చేతిలోకి తీసుకుంది. చించేస్తుందేమో అనుకున్నాను. నాలుగు మడతలు పెట్టి శశాంక్ చొక్కా జేబులో తనే పెట్టింది. "జాగర్తగా దాచుకో నాయనా. మాకు పన్లేదు," అంది.

అడుగు వేడి 71. గాలి దక్షిణం. ఎండ బాగుంది.

ఎంత కరెంటు లాగితే అంత వేడి ఖర్చు. అందుకని నిన్న సాయంత్రమే అందరం ఇళ్ళల్లో కట్టేసుకున్నాం. ఫ్యాన్లు, లైట్లు, పొయ్యిలు అన్నీ. ఐసు గది కూడా కట్టేశాం, చేపల్ని ఉప్పులో పెట్టుకున్నాం. ఉప్పుకి కొరతేముంది మాకు! ఆఖరున నీళ్ళ యంత్రం. దాని చప్పుడు ఆగితే ఊరు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో మర్చిపోయాం. ఆసుపత్రిలో మందుల ఫ్రిజ్జు, ఆకుపచ్చ దీపం, ఈ రెండే మిగిలాయి.

తర్వాత ఊరి ట్యాంకు ఖాళీ చేశాం. గొట్టం వేసి, మడి మీద తెప్ప వదిలి, దాని మీద గోనెసంచులు పరిచి, వాటి మీదుగా నీళ్ళు మెల్లగా జారేట్టు చేశాను. ట్యాంకు అయిపోయింది. మడిని సగం కూడా కప్పలేదు.

రోశమ్మక్క గట్టెక్కింది. ఆమెకు ఉపన్యాసాలు రావు. "నా ఇంట్లో రెండు బిందెలు, ఒక డ్రమ్ము ఉన్నయ్. నేను పోస్తన్నా. పసిబిడ్డలకీ జబ్బు మనుషులకీ పక్కన పెట్టుకోండి. మిగతాది మీ ఇష్టం. పొయ్యకపోతే ఎవుర్నీ ఏమనను," అంది. దిగిపోయి ఇంటికెళ్ళి బిందె ఎత్తుకొచ్చింది.

ఆమె వెనక ఎవరొస్తారా అని దారి వైపే చూశాను. నిజం రాస్తున్నాను, నేనైతే అంతమంది వస్తారనుకోలేదు. గట్టు పొడుగునా బిందెలే. ఫ్రిజ్జు సీసాలు, వంట గిన్నెలు, చెంబులు. ఒకావిడ దేవుడి దగ్గర పెట్టిన రాగి చెంబు కూడా తెచ్చింది.

నా నోటికి అప్పుడు పని పడింది. "ఎత్తు నించి పొయ్యొద్దు! బిందె మూతి నీళ్ళకి ఆనించి వంచండి! నీళ్ళు నీళ్ళ మీద పడుకోవాలి, దూకకూడదు!" ఒకడు పెళ్ళి పందిట్లో సాంబారు గుమ్మరించినట్టు బకెట్టు గుమ్మరించాడు. వాణ్ణి తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, ఇన్‌స్పెక్టరు చదివే అవకాశం ఉంది.

మామ తన కుండ తెచ్చాడు. అందరికంటే మెల్లగా పోశాడు. పోసి, కుండ బోర్లించి, దాని పక్కనే కూర్చున్నాడు.

అడుగు వేడి 66. గాలి దక్షిణం. ఆవిరి తగ్గింది.

గొంతు ఎండిపోతోంది. మాట్లాడకపోతే దాహం తక్కువ అంటారు. అదీ నాకు వచ్చిన కష్టం.

ఏకజ్యోతి ట్యాంకు రేవులోనే ఉంది. కుళాయిలకు తాళాలు తీసేశారు. సంతకం కూడా అక్కర్లేదట, ఊరికే పట్టుకోమన్నారు. ఊళ్ళోవాళ్ళు ఒక్కరు ఒక్క చెంబు పట్టుకున్నా 'అత్యవసర సరఫరా స్వీకరించారు' అని లెక్కలోకి ఎక్కి పరీక్ష పోతుందని ఇందుప్రియే చెప్పింది. చెప్పడం ఆమె డ్యూటీ కాదు. నేను అడిగితే చెప్పింది.

శశాంక్ ఈ రోజు కొత్త పని మొదలుపెట్టాడు. ఒక కుళాయి సన్నగా వదిలేశాడు. నీళ్ళు రేవు రాళ్ళ మీద పడి సముద్రంలోకి పోతున్నాయి. ఆ చప్పుడు ఊళ్ళోకి వినిపిస్తుంది. అది విన్నాక నాకు వాడి మీద ఉన్న కొద్దిపాటి మర్యాద కూడా పోయింది. తేటనీళ్ళు, మంచినీళ్ళు, రాళ్ళ మీద!

ఆడవాళ్ళం కొందరం వెళ్ళి రేవు మెట్ల మీద ట్యాంకుకు వీపు పెట్టి కూర్చున్నాం. వలలు బాగుచేసుకునేవాళ్ళు వలలు తెచ్చుకున్నారు. ఎవరైనా దాహానికి ఆగలేక వస్తే మమ్మల్ని దాటుకుని పోవాలి. మేం ఎవర్నీ ఆపలేదు. ఇద్దరు వచ్చారు. మమ్మల్ని చూసి వాళ్ళూ మా పక్కనే కూర్చున్నారు.

"ఇంత మొండితనం దేనికండీ?" అన్నాడు శశాంక్ వెనకనుంచి. "మేమిచ్చినా కరెంటే, మీరు చేసుకున్నా కరెంటే."

"మాది మేం కట్టేసుకుంటే మళ్ళీ మేమే వేసుకుంటాం," అంది రోశమ్మక్క తిరక్కుండానే. "నువ్వు కట్టేస్తే మళ్ళీ నీ కాళ్ళ దగ్గరకి రావాల. అంతేగా తేడా?"

ఇంటికొచ్చి చూస్తే మామ పెదాలు పగిలి ఉన్నాయి. జబ్బు మనుషుల కోసం పక్కన పెట్టిన నీళ్ళల్లోంచి ఆయన వాటా సీసాలో అలాగే ఉంది. మూత కూడా తీయలేదు.

"తాగు మామా."

"నాకెందుకమ్మా. మడి నీళ్ళు వొదిలేసినోణ్ణి."

కోపంతో కాదు, భయంతో అరిచాను. అత్త కూడా ఇలాగే ఒద్దంది. ఆయన తాగలేదు. తడి గుడ్డతో పెదాలు తుడిస్తే మాత్రం ఊరుకున్నాడు.

అడుగు వేడి 63. గాలి లేదు. ఎండ.

పరీక్షకు ఇదే ఆఖరి రోజు. పొద్దున తీగ పైకి తీసి రెండుసార్లు చదివాను. అరవై మూడు. మడి మీద ఆవిరి లేదు. పైన నీళ్ళు అద్దంలా కదలకుండా ఉన్నాయి.

మధ్యాహ్నం మళ్ళీ చూశాను. అరవై మూడే. దిగలేదు. ఇంకోసారి చూశాను. తీగ చెడిపోయిందేమోనని నా చంకలో పెట్టుకుని చూశాను. చెడిపోలేదు. దుప్పటి పట్టుకుంది. ఎవరికీ చెప్పకుండా గట్టు మీద కూర్చుని ఏడ్చాను. ఒంట్లో నీళ్ళు లేకపోయినా కళ్ళల్లోంచి అన్ని ఎలా వచ్చాయో తెలియదు.

పొద్దు వాలక ముందు అందరూ పెట్టె దగ్గర చేరారు. శశాంక్ కూడా వచ్చాడు. "మేడం, ఇది మోసం. ఊరంతా కట్టేసుకుని కూర్చున్నారు. నీళ్ళు లేవు, లైట్లు లేవు. దీన్ని సరఫరా అంటారా?"

ఇందుప్రియ నిబంధనల కాగితం తీసి చదివింది. ఎంత వాడాలో అందులో లేదు. ఆరకూడదు అని మాత్రమే ఉంది. "ఇది రాసింది మీ కంపెనీ లాయర్లే కదండీ," అంది. సీలు కత్తిరించింది. దీపం ఇంకా వెలుగుతోంది. ఆమె పెదాలు కూడా ఎండిపోయి ఉన్నాయని అప్పుడు చూశాను. సంచిలో ఉన్న నీళ్ళ సీసాలు రెండు రోజుల కిందటే ఆసుపత్రిలో ఇచ్చేసిందట. నాకు చెప్పలేదు. చెప్పి ఉంటే ఆమెను అన్నిసార్లు వెటకారం చేసి ఉండేదాన్ని కాదు.

అందరం నీళ్ళ యంత్రం దగ్గరికి నడిచాం.

అడుగు వేడి 65. గాలి దక్షిణం.

రాత్రి యంత్రాన్ని సన్నగా వదిలాం. పూర్తిగా వదిలితే మడి తట్టుకోదు. తెల్లవారేసరికి తొట్టిలోకి ఒక సన్నటి ధార పడుతోంది. శశాంక్ ట్యాంకు తాడు విప్పుకుంటున్నాడు. కుళాయి ఇంకా కారుతూనే ఉంది.

పసిపిల్లలకు పట్టాక మొదటి చెంబు ఎవరికన్న మాట వచ్చింది. రోశమ్మక్క చెంబు నా చేతిలో పెట్టింది. నేను తిన్నగా వేడిమడి వైపు నడిచాను.

మామ మడవ దగ్గరే ఉన్నాడు. పక్కన కూర్చుని చెంబు ఆయన రెండు చేతుల్లో పెట్టి, నా చేతులు పైన వేసి పట్టుకున్నాను. ఒద్దంటే వదిలేది లేదని ఆయనకు అర్థమైంది. ఒక గుక్క తాగాడు. మొహం చిట్లించాడు.

"ఉప్పగా ఉందే అమ్మాయ్."

"ఉప్పగానే ఉంటది. యంత్రం మెల్లంగా తిరిగితే ఉప్పంతా పోదు. మడి కోలుకునేదాకా ఇంతే. కంపెనీ ట్యాంకు ఇంకా రేవు దాటలా, వాళ్ళ నీళ్ళు తియ్యగుంటయ్. పిలవమంటావా?"

మామ రేవు వైపు చూడను కూడా చూడలేదు. చెంబు ఎత్తి గటగటా అడుగంటా తాగి, మీసం తుడుచుకుని, ఖాళీ చెంబు నా ముందుకు చాపాడు.

"ఇంకా పొయ్యి," అన్నాడు.